భోగి మంటలో పడని ఫైలు

2025 భోగి నాడు తెల్లవారుజామున నాలుగింటికే మా అత్త లేచి, ఇంట్లో పాతవన్నీ తెచ్చి వరండాలో కుప్పేసింది. కాలు విరిగిన పీట, అరిగిపోయిన చీపుళ్ళు రెండు, చిరిగిన చాప, మావాడి తొమ్మిదో తరగతి గైడ్లు, వాటన్నిటి మీదా ఒక నీలం ఫైలు. నేనింకా మెషీన్ మీదే ఉన్నాను. పండక్కి ఇస్తానని ఒప్పుకున్న బ్లౌజుల్లో పద్నాలుగు మిగిలిపోయాయి, హుక్కులూ చేతిపనీ వేరే. వీధిలో పిలకాయలు తాటాకులు ఈడ్చుకొస్తున్న చప్పుడుకి తలెత్తితే ఆ ఫైలు కనపడింది.

మూడంగుళాల మందం ఉంటుంది. నాడాతో ముడేసే రకం. అసలు నాడా ఎప్పుడో తెగిపోతే లైనింగ్ గుడ్డతో నేనే ఇంకోటి కుట్టాను. అట్ట మీద ఒక మూల పులిహోర నూనె మరక, చెన్నై వెళ్ళే రైల్లో అయింది. లోపల రక్తపరీక్షల రిపోర్టులు, డిశ్చార్జి కాగితాలు, మందుల చీటీలు. కొన్ని బిల్లుల మీద అంకెలు వెలిసిపోయి ఉత్త తెల్లకాగితాలై ఉన్నాయి.

"ఇదెందుకత్తమ్మా ఇక్కడ పెట్టారు?" అన్నాను.

"పీడమ్మాయ్. ఇంట్లో ఉంచబాక. మంటలో పడితే దాంతోపాటే పోద్ది" అంది.

నిజం చెప్తున్నాను, నాక్కూడా ఒక్క నిమిషం అదే మంచిదనిపించింది. ఆ నీలం అట్ట మంటలో ముడుచుకుపోవడం కళ్ళకి కట్టింది కూడా. మరెందుకో లేచి, దాన్ని తీసి మెషీన్ కింద గుడ్డపీలికల సంచిలో దోపేసి, వచ్చి మళ్ళీ హుక్కులు కుట్టుకున్నాను. కాపాడాలని తీయలేదు. ఉంచాలా కాల్చాలా తేల్చుకునే తీరిక ఆ పూట లేదు, అంతే.

ఆ తీరిక లేకపోవడం గురించే రాస్తున్నాను.

మా పాపకి 2019 అక్టోబరులో, యూకేజీలో ఉండగా, బ్లడ్ క్యాన్సర్ అని తేలింది. ఏఎల్ఎల్ అంటారు, పిల్లల్లో వచ్చే క్యాన్సర్లలో ఎక్కువగా కనిపించేది ఇదే. జ్వరం తగ్గక, కాళ్ళ మీద నీలం మచ్చలు తేలితే, కావలిలో ఒక డాక్టరు రక్తపరీక్ష కాగితం చూసి, ఇంటికి కూడా పోకుండా ఇటునుంచి ఇటే చెన్నై బయల్దేరండి అన్నారు. రెండున్నరేళ్ళు పట్టింది. మొదట నెలల తరబడి బరువైన కీమో, ఆ తర్వాత మెయింటెనెన్స్ అని రోజూ రాత్రి ఒక మాత్ర, వారానికోసారి పసుపుపచ్చ మాత్రలు, కొన్ని నెలలకోసారి వెన్నులో ఇంజెక్షన్. 2022 ఏప్రిల్లో మందులు ఆపేశారు. ఆ మధ్యలో జరిగినవన్నీ ఇక్కడ రాయను. జుట్టు ఊడటం, స్టెరాయిడ్ వారంలో అర్ధరాత్రి రెండింటికి లేచి పప్పుచారు అన్నం అడగటం, లాక్‌డౌన్‌లో ఈ-పాస్ పట్టుకుని తడ చెక్‌పోస్టు దగ్గర కార్లో గంటలు గంటలు కూర్చోవడం, ఇవన్నీ ఆ దారిన పోయినవాళ్ళకి తెలుసు, పోనివాళ్ళకి తెలియకపోతేనే మంచిది.

నాకు కావలసింది ఆ తర్వాతి సంగతి. మందులు ఆపిన రోజు ఫోన్ చేసినవాళ్ళందరూ ఒకే మాట అన్నారు, గండం గడిచింది, ఇంక హాయిగా ఉండండి అని. ఆ హాయి ఎట్లా ఉంటుందో చెప్తాను. పొద్దున ఐదున్నరకి మావాడు ట్యూషన్‌కి (పోయినేడు వాడిది టెన్త్), ఆరింటికి మా ఆయన తుమ్మలపెంట వైపు ఉన్న రొయ్యల గుంటల దగ్గర్నించి నిద్రలేని కళ్ళతో, మోకాళ్ళ దాకా బురదతో రావడం, ఆ బురద కాళ్ళతోనే వంటింట్లోకి వచ్చాడని మా అత్త కొడుకు మీద కేకలు, ఈలోపు మోటర్ వేసి మర్చిపోయి ట్యాంకు పొర్లి పక్కింటావిడ పిలవడం, పాప సాక్సు ఒకటి దొరికితే ఇంకోటి దొరక్కపోవడం, ఆటో అబ్బాయి హారన్, ఎనిమిదిన్నర తర్వాత నా దగ్గరికి బ్లౌజు కొలతలకి వచ్చేవాళ్ళు, "మెడ కొంచెం దించమ్మా" అనేవాళ్ళు, "అంత దించావేందమ్మా" అనేవాళ్ళు. సాయంత్రం మళ్ళీ ఇదే వెనక నుంచి ముందుకి.

మా ఇంట్లో కౌంట్ అనే మాటకి రెండు అర్థాలున్నాయి. రొయ్యల్లో కౌంట్ అంటే కేజీకి ఎన్ని రొయ్యలు తూగుతాయో ఆ లెక్క. వంద కౌంట్ అంటే సన్న రొయ్య, యాభై అంటే పెద్దది, అంటే అంకె తగ్గేకొద్దీ ధర. ఆస్పత్రిలో కౌంట్ అంటే రక్తంలో తెల్లకణాలు, అక్కడ తగ్గితే ప్రాణం మీదికి. అందులో న్యూట్రోఫిల్స్ ఐదొందల కిందికి పోయాయంటే ఎవరూ దగ్గరికి రాకూడదు, పచ్చి పండు ముట్టకూడదు, జ్వరం 100.4 దాటితే అర్ధరాత్రైనా సరే ఆస్పత్రికి పరిగెత్తాలి. ఆ రోజుల్లో మా ఆయన గుంట గట్టు మీద నుంచి ఫోన్ చేసి "కౌంట్ ఎంత?" అంటే పక్కనున్న రైతులు తెలియక మధ్యలో దూరి రేటు చెప్పేవాళ్ళు.

ఈ బిజీ మీద నాకు ఫిర్యాదు లేదని ముందే చెప్పేస్తాను. అంత కష్టం చూసినవాళ్ళకి జీవితం విలువ తెలుస్తుంది, చిన్నచిన్న వాటికి టెన్షన్ పడరు అని జనం అనుకుంటారు. ఏమీ లేదు. సాక్సు కనపడకపోతే నేను ఇప్పటికీ వీధి చివరికి వినపడేలా అరుస్తాను. 2020లో ఏడాది పొడుగునా పాపని ఒక్క మాట అనలేదు. అన్నం విసిరికొట్టినా అనలేదు, సూది వేయబోయిన నర్సు చేయి కొరికినా అనలేదు. ఆ ఇంట్లో ఉన్న నిశ్శబ్దం నాకు బాగా గుర్తుంది. అందుకే ఇప్పుడు ఇంటికొచ్చే చుట్టాలు దాన్ని చూసి "పాపం, ఏమీ అనబాకే" అంటే నాకు ఒళ్ళు మండుతుంది. ఎక్కాలు రాకపోతే అంటాను. ఎందుకనకూడదు?

అయితే ఈ బిజీతో చిక్కొకటుంది. ఇది దేన్నైనా మింగేస్తుంది, మింగినట్టు తెలియనివ్వదు కూడా.

మందులు ఆపాక మొదటి ఏడాది నెలనెలా రమ్మన్నారు, రెండో ఏడాది మూణ్ణెల్లకోసారి, ఆ తర్వాత ఆర్నెల్లకోసారి. 2025 జనవరిలో వెళ్ళాల్సింది. జనవరిలో పండగ బ్లౌజులు. పండగ అయ్యాక వెళ్దామనుకుంటే ఫిబ్రవరిలో గుంట పట్టుబడికొచ్చింది, అంటే రొయ్యలు పట్టే అదను. మార్చిలో మావాడి టెన్త్ పరీక్షలు. ఏప్రిల్, మేలో పెళ్ళిళ్ళు, అంటే మళ్ళీ నా మెషీన్. జూన్‌లో బడులు తెరిచారు, పాప ఆరో తరగతి, కొత్త బడి, మొదటి నెల్లోనే సెలవా? ఆగస్టులో అమెరికావాళ్ళు మన సరుకు మీద సుంకం 50 శాతానికి తీసుకెళ్తే రొయ్య రేటు పడిపోయి, చేతికొచ్చిన పంట పట్టాలా ఆపాలా అని మా ఆయనకి నిద్ర లేదు. మానేద్దామని ఎవరూ అనుకోలేదు చూడండి. ఎనిమిది నెలలపాటు మేము చేసిందల్లా ఒకటే, వచ్చే వారం అనడం. చెన్నైకి ఒక్క రోజు పోయిరావాలంటే రానూపోనూ టికెట్లు, పరీక్షల డబ్బులు, నా రెండు రోజుల పని, వెరసి ఐదారు వేలు. ట్రీట్‌మెంట్‌కి అప్పు చేసేటప్పుడు లక్షలు అనిపించలేదు గానీ, ఆరోగ్యంగా ఎగురుతున్న పిల్లకి ఐదు వేలు పెట్టి రక్తపరీక్ష చేయించాలంటే మాత్రం చేయి వెనక్కి లాగుతుంది. ఇది రాయడానికి సిగ్గుగానే ఉంది.

జబ్బు మళ్ళీ వచ్చేదుంటే ఎక్కువగా మందులు ఆపిన మొదటి రెండు మూడేళ్ళలోనే వస్తుందని మాకు చెప్పారు. తెలిసే ఈ పని చేశాం. ఇట్లా మధ్యలో రాకుండా పోయినవాళ్ళని ఆస్పత్రి రికార్డుల్లో "లాస్ట్ టు ఫాలోఅప్" అని రాస్తారు. పోయినవాళ్ళ లెక్కలోనూ ఉండరు, బాగున్నవాళ్ళ లెక్కలోనూ ఉండరు. మా వార్డు తల్లులం పెట్టుకున్న వాట్సాప్ గ్రూపు ఒకటుండేది. పిల్లకి మందులు ఆపాక ఒక్కొక్కరూ చడీచప్పుడు లేకుండా బయటికి పోయారు. కొందరు ఆ ముందే పోయారు, వాళ్ళ కారణం వేరు, దాని గురించి మేమెవరం మాట్లాడలేదు. నేనూ 2023లో బయటికొచ్చేశాను. ఆ గ్రూపు తెరిచిన ప్రతిసారీ ఎవరి డీపీ మారిందో చూసి గుండె జారేది, అందుకు. తప్పే చేశానేమో.

నెల్లూరు రొట్టెల పండగ తెలుసుగా. మొహర్రం రోజుల్లో బారాషహీద్ దర్గా దగ్గర స్వర్ణాల చెరువులో దిగి, కోరిక తీరినవాళ్ళు తెచ్చిన రొట్టె పట్టుకోవాలి, మన కోరిక తీరాక మనమూ వచ్చి ఇంకొకళ్ళకి రొట్టె వదలాలి. చదువు రొట్టె, ఉద్యోగం రొట్టె, పెళ్ళి రొట్టె, ఇట్లా. కరోనా రెండేళ్ళూ మాకు కుదర్లేదు. 2022లో ఆ నీళ్ళలో నిలబడి "ఆరోగ్యం రొట్టె, ఆరోగ్యం రొట్టె" అని అరుస్తుంటే ఒకావిడ ఇచ్చింది. కొంగులో పట్టుకున్నాను. మరుసటేడు వెళ్ళి వదిలొచ్చాను. ఆ ఏడు మా ఆయన గుంటలో రొయ్యలకి వైట్ స్పాట్ తెగులు పడి మొత్తం పోయింది, ఇంట్లో రూపాయి లేదు, అయినా వెళ్ళాం. ఎందుకంటే ఆ రొట్టె బాకీ. బాకీ ఉంచుకుంటే మంచిది కాదని మా అత్త దగ్గర్నించి మా పనమ్మాయి దాకా అందరూ గుర్తుచేశారు. మరి జనవరి చెకప్ గురించి ఒక్కరంటే ఒక్కరు గుర్తుచేయలేదు. నన్నెవరూ తప్పుబట్టలేదు కూడా. చెరువుకి తిరిగి వెళ్ళాలని మాకు పుట్టినప్పటి నుంచీ తెలుసు, ఆస్పత్రికి తిరిగి వెళ్ళాలన్నది ఇంకా అలవాటు కాలేదు.

కాకపోవడానికి కారణం ఉంది. పిల్లల బ్లడ్ క్యాన్సర్‌కి "తర్వాత" అనేదే కొత్త. మా పాప వారానికోసారి వేసుకున్న ఆ పసుపు మాత్ర పేరు మెథోట్రెక్సేట్. 1940ల్లో అమెరికాలో లెడర్లే ల్యాబ్‌లో దాన్ని తయారుచేసిన బృందాన్ని నడిపించింది మన భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. ఆ వరసలోదే ఇంకో మందు ఆయన దగ్గర్నించి తీసుకుని బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ అనే డాక్టరు లుకేమియా (అంటే బ్లడ్ క్యాన్సరే) ఉన్న పిల్లలకి ఇచ్చి చూశాడు. 1948లో బయటపెట్టిన ఫలితం ఏంటంటే, 16 మందిలో 10 మందికి తగ్గుముఖం పట్టింది. కొన్ని నెలలే, మళ్ళీ తిరగబెట్టింది. ఆ ఏడే సుబ్బారావు కూడా 53 ఏళ్ళకే పోయారు. అప్పట్లో ఆ కొన్ని నెలలే అద్భుతం. ఈ పిల్లకి పాతికేళ్ళొస్తే గుండె ఎట్లా ఉంటుందని అడిగే అవసరం ఎవరికి పడింది? ఇప్పుడు డబ్బున్న దేశాల్లో క్యాన్సర్ వచ్చిన పిల్లల్లో 80 శాతం పైన బతుకుతున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తోంది. మన దగ్గరా బతికినవాళ్ళు ఊరికొకరైనా కనిపిస్తున్నారు. కనిపిస్తున్నారంటే, ఉన్నారు, కనపడరు. వాళ్ళ ఫైళ్ళు అప్పటికే భోగి మంటల్లో పడి ఉంటాయి.

ఇక్కడ మా అత్తకి అన్యాయం చేయకూడదు. ఆమె మొండిది కాదు. వాళ్ళ పుట్టినూరిలో ఒక పిల్లకి చిన్నప్పుడు మూర్ఛ వచ్చేదట. ఎప్పుడో తగ్గిపోయిన దానికి, ఎవరో చెప్పగా తెలిసి, నిశ్చయ తాంబూలాలు అయ్యాక సంబంధం తప్పిపోయిందట. "ఆడపిల్ల. ఎవరికీ చెప్పబాకండి, కాయితం కనపడనీబాకండి" అనడం ఆమెకి ప్రేమే. మా పాపని చెన్నైలో పెట్టుకుని మేము నెలల తరబడి పడి ఉంటే ఇక్కడ ఇల్లూ గుంటలూ చూసుకున్నది ఆమే. వీధిలో చాటింపు వేయమని నేనూ అనను. పక్కింటివాళ్ళకి తెలియాల్సిన పనేం లేదు.

కానీ ఎవరి దగ్గర దాస్తున్నాం అన్నది ఒకసారి ఆలోచించాలి. లోకం దగ్గర దాస్తున్నామనుకుని ఆ పిల్ల దగ్గరే దాస్తున్నాం.

ఎర్ర మందు సంగతి చెప్తే అర్థమవుతుంది. డౌనోరూబిసిన్, డాక్సోరూబిసిన్ అని రెండున్నాయి, సెలైన్‌లో ఎక్కుతుంటే చక్కెరపాకంలో రంగు కలిపినట్టు ఎర్రగా ఉంటాయి, ఆ తర్వాత మూత్రం కూడా ఎర్రగా వస్తుంది. వార్డులో అందరం ఎర్ర మందనే అనేవాళ్ళం. జబ్బుని బాగా దెబ్బ తీస్తుంది, కాకపోతే గుండె కండరాన్ని కూడా కొంత తింటుంది. అది అప్పుడే బయటపడకపోవచ్చు, ఏళ్ళ తర్వాత పడొచ్చు. అందుకని జీవితం మొత్తం మీద ఎంత డోసు పడిందన్న లెక్క కావాలి. ఆ లెక్క మిల్లీగ్రాముల్లో ఊరికే రాయరు, చదరపు మీటరుకి ఇంతని రాస్తారు. ఎత్తూ బరువూ తీసుకుని పిల్ల ఒళ్ళు ఎన్ని చదరపు మీటర్లో కడతారు. బట్టలు కుట్టేదాన్ని కదా, నాకిది వెంటనే ఎక్కింది. మా పాప అప్పుడు 0.7 చదరపు మీటర్లు. ఒక బ్లౌజు పీసంత కూడా లేదు.

ఆ లెక్క చదరపు మీటరుకి 250 మిల్లీగ్రాములు దాటినవాళ్ళకి రిస్కు ఎక్కువ, గుండెకి ఎకో అనే స్కాను తరచుగా తీయాలి. తక్కువ పడినవాళ్ళకి కొన్నేళ్ళకోసారి చాలు. ఆడపిల్లలకి ఇంకో మెలిక ఉంది. గర్భం వచ్చినప్పుడు గుండెకి పని పెరుగుతుంది కాబట్టి, ఈ మందు పడినవాళ్ళు అప్పుడు తప్పకుండా గుండె చూపించుకోవాలి, కాన్పు చేసే డాక్టరుకి ముందే చెప్పుకోవాలి. ఇప్పుడు చెప్పండి. పెళ్ళి కోసమని ఫైలు కాల్చేశాం, పిల్లకి "చిన్నప్పుడు రక్తం తక్కువై చెన్నై తీసుకెళ్ళాం" అని చెప్పి పెంచాం, పెళ్ళి చేశాం. పాతికేళ్ళప్పుడు నిండు నెలల్లో ఆయాసం వస్తే అది ఏ ఊళ్ళో ఏ డాక్టరుకి ఏమని చెప్తుంది? అప్పటికి మేముంటామో లేమో. పెళ్ళికొడుక్కి చెప్పాలా వద్దా అన్నది దాని ఇష్టం, అది పెద్దయ్యాక అదే తేల్చుకుంటుంది. తేల్చుకోవాలంటే ముందు దానికి తెలియాలి గదా.

స్టెరాయిడ్ల వల్ల తుంటి ఎముక దెబ్బతినొచ్చు, కీమో పాత టీకాల బలాన్ని తగ్గిస్తుంది కాబట్టి మందులు ఆపిన ఆర్నెల్లకి మళ్ళీ వేయించుకోవాలి, ఇట్లాంటివి ఇంకా ఉన్నాయి. టీకాలు మేము వేయించాం. ఎర్ర మందు లెక్క మాత్రం మా దగ్గర లేదని నాకు ఆ జులైలో గానీ తెలియలేదు. మూడంగుళాల ఫైల్లో అన్నీ ఉన్నాయి, ఆ ఒక్క కూడిక తప్ప. మొదట్నించీ చూసిన డాక్టరు ఎప్పుడో వేరే చోటికి వెళ్ళిపోయారు. ఆస్పత్రికి ఫోన్ చేస్తే ఒక కౌంటర్ నుంచి ఇంకో కౌంటర్‌కి తిప్పి, డిశ్చార్జి సమ్మరీలు మీ దగ్గరే ఉంటాయి కదమ్మా, అందులో చూసుకోండి అన్నారు. పన్నెండు డిశ్చార్జి సమ్మరీలు. మందులు ఆపిన రోజున ఒక్క కాగితం మీద, ఈ పిల్లకి వచ్చిన జబ్బు ఇది, పడిన మందులు ఇవి, మొత్తం ఇంత, ఇకముందు చూసుకోవాల్సినవి ఇవి అని రాసి చేతిలో పెడితే వాళ్ళ సొమ్మేం పోయిందో నాకిప్పటికీ అర్థం కాదు. ఇది చదివేవాళ్ళలో ఎవరికైనా పిల్లకి మందులు ఆపే రోజు దగ్గరపడి ఉంటే, స్వీట్లు పంచే ముందు ఆ కాగితం అడిగి తీసుకోండి. ఇంగ్లీషులో ట్రీట్‌మెంట్ సమ్మరీ అంటే వాళ్ళకి అర్థమవుతుంది. ఇవ్వకపోతే ఇచ్చేదాకా అక్కడే కూర్చోండి.

జులైలోనే ఎందుకు తెలిసిందంటే, కొత్త బళ్ళో ఒక ఫారం ఇచ్చారు. అందులో గతంలో పెద్ద జబ్బులేమైనా వచ్చాయా అని ఒక గడి. మా ఆయన "లేవు" అని రాసి సంతకం పెట్టారు. పాప పక్కనే పరోటా తింటా చూసింది. "మరి నేను చెన్నైకి ఎందుకు పోయేదాన్ని నాన్నా?" అంది. రక్తం తక్కువగా ఉండి అన్నారు ఆయన, మేము ఎప్పుడూ చెప్పేదే. అది ఇంకేం అనకుండా తిని చేయి కడుక్కుంది.

ఆ రాత్రి మావాడు నా దగ్గరికొచ్చి, "దానికి తెలుసమ్మా. నేనెప్పుడో చెప్పాను. మీరు అబద్ధం చెప్పేటప్పుడు మీ మొహం చూసి అదేమీ అనదు" అన్నాడు.

వీడి గురించి కొంచెం చెప్పాలి. పాపకి జబ్బు వచ్చినప్పుడు వాడు ఐదో తరగతి. ఆత్మకూరులో మా అమ్మ దగ్గర వదిలేశాం, దాదాపు రెండేళ్ళు. ఫోన్లో ఎప్పుడూ బాగున్నానమ్మా అనేవాడు. తిరిగొచ్చాక కొన్ని నెలలపాటు ఫ్రిజ్ తెరిచే ముందు "తీయచ్చామ్మా?" అని అడిగేవాడు, చుట్టాలింటికి వచ్చినవాడిలాగా. మొదటిసారి నేను నవ్వాను. పదోసారికి గానీ నవ్వాల్సింది కాదని తెలియలేదు. పాప గురించి ఎవరు అడిగినా గంట మాట్లాడగలను, వాడి ఆ రెండేళ్ళ గురించి నా దగ్గర పది వాక్యాలు లేవు. ఏ ఫైల్లోనూ లేవు.

మరుసటి ఆదివారం గుడ్డపీలికల సంచిలోంచి ఫైలు తీశాను. దారాలు అంటుకుని ఉన్నాయి. పాపని కూర్చోబెట్టి చెప్పాను, జబ్బు పేరుతో సహా. ఏడుస్తుందేమోనని పక్కన పెట్టుకున్న మంచినీళ్ళు చివరికి నేనే తాగాను. అది అడిగినవి రెండే. మళ్ళీ వస్తుందా అని ఒకటి. ఇప్పటిదాకా రాలేదు, రోజులు గడిచేకొద్దీ భయం తగ్గుతుంది, చూపించుకుంటూ ఉండాలి అన్నాను. జనవరిలో ఎందుకు పోలేదు అని రెండోది. దానికి నా దగ్గర జవాబు లేదు, పద్నాలుగు బ్లౌజులు అని చెప్పలేను కదా.

చెన్నై ప్రయాణాల్లో దానికి గుర్తున్నవి సూదులనుకునేదాన్ని. కాదట. స్టేషన్ బోర్డులట. బడి లేని ఆ రోజుల్లో అది తెలుగు చదవడం నేర్చుకుంది రైలు కిటికీలోంచే. నాకూ గుర్తొచ్చింది. అన్నిటికంటే ముందు చదివింది తడ. రెండే అక్షరాలు, తలకట్టు తప్ప ఇంకేం లేవు. తర్వాత ఎప్పటికో గూడూరు, ఆ దీర్ఘాలన్నీ తీసి తీసి. సూళ్ళూరుపేట మాత్రం మందులు ఆపే ఏడాదికి గానీ నోరు తిరగలేదు. నేను ఆ రైళ్ళల్లో థర్మామీటరు సంచీ పైకి అందేలా పెట్టుకుని స్టేషన్లు దాటితే చాలనుకుంటూ కూర్చునేదాన్ని. ఇది పక్కనే కూర్చుని ఒత్తులు కూడబలుక్కుంటోంది.

లెక్క ఇద్దరం కలిసి కట్టాం. లాంగ్ నోట్‌బుక్ ఒకటి తీసుకుని, పన్నెండు సమ్మరీల్లోంచి ఎర్ర మందు తేదీలూ డోసులూ నేను వెతికి చెప్తుంటే అది గళ్ళు గీసి రాసింది, నాకంటే దాని దస్తూరి నయం. రెండు ఆదివారాలు పట్టింది. అట్ట వేసి లేబుల్ అంటించి పేరు, తరగతి రాసింది. సబ్జెక్టు దగ్గర ఖాళీ వదిలేసింది.

సెప్టెంబరులో వెళ్ళాం. పాపకి యూనిట్ టెస్ట్ ఉందని గొడవ చేసింది, మావాడికి ఇంటర్ కాలేజీ, మా ఆయనకి గుంట పట్టుబడి అదే రోజు పడింది, ఏడు బ్లౌజులు బాకీ. అయినా వెళ్ళాం. డాక్టరమ్మ కొత్తావిడ. జనవరిలో రావాలి కదమ్మా అంది. అవును మేడమ్ అన్నాను. నోట్‌బుక్ ఇస్తే తిరగేసి, ఒక తేదీ రెండుసార్లు రాశారని కొట్టేసి, కూడిక సరిచేసి, 250కి లోపే ఉందని చెప్పి, ఆ పూటే ఒక పేజీ సమ్మరీ టైప్ చేయించి సంతకం పెట్టి ఇచ్చింది. అడిగితే ఇంత తేలిగ్గా అయిపోయే పని. ఎకో ఎప్పుడు తీయించాలో నాకు చెప్పబోయి, మధ్యలో పాప వైపు తిరిగి దానికే చెప్పింది. ఇది ఒక్కో మాటకీ తలూపుతూ, మళ్ళీ ఎప్పుడు రావాలో అడిగి, అది స్కూల్ హాలిడే అవుతుందా కాదా అని ఆమెనే అడిగింది.

తిరుగు రైల్లో సీటు దొరికేసరికి పాప కాళ్ళు ముడుచుకుని పడుకుంది. సూళ్ళూరుపేట దాటుతుంటే మా ఆయన ఫోన్. గుంట దగ్గర గాలి హోరు, ఇటు రైలు చప్పుడు, ముక్కలు ముక్కలుగా వినపడుతోంది. "కౌంట్ డెబ్బై... డెబ్బై" అన్నారు.

నాకు ఒక్క క్షణం ఒళ్ళు చల్లబడింది. తర్వాత వెలిగింది, రొయ్యలు.

"మనదెంత?" అన్నారు.

"ఎనిమిది వేల రెండొందలు."

"సరే. ఏమన్నా తిన్నారా?"

"లేదు. గూడూరులో ఏదైనా తీసుకుంటాలే" అన్నాను.